ముంపు చేనుకు ఎంత మోటారు?

ఈసారి ఉత్తరాలన్నీ ఉప్పలగుప్తం మండలం నుంచి వచ్చినవే తీసుకున్నాం. బొబ్బర్లంక దగ్గర బయల్దేరిన మధ్య డెల్టా కాలువ నీళ్లు చిట్టచివర చేరేది ఇక్కడి చేలకే. ఎగువ ఊళ్ల మురుగు సముద్రానికి పోవాల్సిందీ ఈ పక్కనుంచే. అందుకేనేమో నీళ్లు అందడం లేదన్న ఉత్తరాల కంటే నీళ్లు దిగడం లేదన్నవే ఎక్కువ.

ప్రశ్న: మాది రెండెకరాల పల్లపు చేనండి. సార్వాలో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే అరడుగు నీళ్లు నిలిచిపోతాయి. తోడదామని 5 హెచ్‌పి మోనోబ్లాక్ కొన్నాం. రెండుసార్లు వైండింగు కాలిపోయింది. కొట్టాయన 7.5 హెచ్‌పి వేసుకోమంటున్నాడు. వేసుకోమంటారా?
— ఒక రైతు, గొల్లవిల్లి

జవాబు: వద్దండి. మీ మోటారు బలం చాలక కాలిపోలేదు. దానికి తగిన పని లేక కాలిపోయింది. వినడానికి విడ్డూరంగా ఉన్నా సంగతి ఇదే.

కొట్లో దొరికే మామూలు మోనోబ్లాక్ పంపుల్లో ఎక్కువ భాగం నీటిని 12 నుంచి 20 మీటర్ల ఎత్తుకు తోయడానికి చేసినవి. మీ చేలో నీళ్లు గట్టు దాటి బోదెలో పడాలంటే ఎత్తాల్సింది మహా అయితే మీటరున్నర. ఎదురు బరువు లేనప్పుడు ఈ రకం పంపు తన కొలతకు మించి నీళ్లు లాగుతుంది. దాంతో మోటారు తీసుకునే కరెంటు పెరుగుతుంది, వైండింగు వేడెక్కుతుంది. దానికి మన లో వోల్టేజీ కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు. కావాలంటే ఈసారి నడిపేటప్పుడు స్టార్టరు మీద ఆంపియర్ల ముల్లు చూడండి. మోటారు రేకు మీద రాసిన అంకె దాటి ఉంటుంది. తాత్కాలికంగా డెలివరీ పైపుకు గేటు వాల్వు పెట్టి, ముల్లు ఆ అంకెకు లోపలికి వచ్చేదాకా బిగించండి. నీళ్లు కాస్త తగ్గుతాయి గాని మోటారు బతుకుతుంది.

ఇక అసలు లెక్క. రెండెకరాల్లో అరడుగు నీళ్లంటే సుమారు 12 లక్షల లీటర్లు. సెకనుకు 10 లీటర్లు తోడితే 33 గంటలు పడుతుంది. అదే 25 లీటర్లు తోడితే పదమూడున్నర గంటలు, అంటే ఒక పగలు, కాస్త రాత్రి. సెకనుకు 25 లీటర్లను మీటరున్నర ఎత్తడానికి, పంపులో సగం శక్తి వృథా పోయినా, కావలసింది ఒక్క హెచ్‌పి. పైపు రాపిడి, కరెంటు హెచ్చుతగ్గులు కలుపుకున్నా రెండు హెచ్‌పి దాటదు. కాబట్టి మీకు కావలసింది పెద్ద మోటారు కాదు, వేరే రకం పంపు. ఎత్తు తక్కువ, నీళ్లు ఎక్కువ ఉన్నచోట ప్రొపెల్లర్ పంపు గానీ మిక్స్‌డ్ ఫ్లో పంపు గానీ వాడతారు. ఓడ వెనక తిరిగే రెక్క లాంటిది గొట్టంలో తిరుగుతూ నీటిని తోస్తుంది. కొనేటప్పుడు హెచ్‌పి అడగకండి, ‘మీటరున్నర హెడ్డుకు సెకనుకు ఎన్ని లీటర్లు?’ అని అడగండి. జవాబు చెప్పలేని కొట్టు నుంచి లేచి వచ్చేయండి.

పైపు విషయంలో పిసినారితనం పనికిరాదు. 25 లీటర్లకు నాలుగంగుళాల పైపు వేస్తే అందులో నీరు సెకనుకు మూడు మీటర్ల పైన పరుగెడుతుంది. ఎత్తే మీటరున్నరకు దాదాపు మరో మీటరు రాపిడి కింద కలుస్తుంది. ఆరంగుళాలది వేయండి. డెలివరీ చివర గట్టు మీద నుంచి జలపాతంలా దూకుతుంటే చూడ్డానికి బాగుంటుంది, బిల్లు కూడా అంతే బాగా వస్తుంది. పైపు చివరను వంచి బోదె నీటిమట్టం దాకా దించండి. పంపు ఎంత తోడుతోందో తెలియాలంటే 200 లీటర్ల డ్రమ్ము కింద పెట్టి గడియారం చూడండి. ఎనిమిది సెకన్లలో నిండితే 25 లీటర్లు, ఇరవై పడితే పది.

అయితే ఒక సంగతి మీ ఉత్తరంలో లేదు. మీ బోదె ఏ డ్రెయినులో కలుస్తుంది, ముసురు రోజుల్లో ఆ డ్రెయిను మట్టం చేను కంటే పైన ఉంటుందా కింద ఉంటుందా? డ్రెయిను సముద్రంలో కలిసే మొగ ఇసుకతో పూడిపోయి, పోటుకు డ్రెయిను ఎదురు తన్నుతుంటే మీరు తోడిన నీళ్లే గట్టు గండ్ల గుండా మళ్లీ మీ చేలోకి వస్తాయి. అప్పుడు ఎన్ని హెచ్‌పిలు పెట్టినా తిరగలి తిప్పినట్టే. ముందు చేను చుట్టూ గట్టు ఎత్తు చేసి గండ్లు పూడ్చండి. బోదె వైపు గట్టు కింద ఒక సిమెంటు గొట్టం వేసి, బయటి కొసకు పైనుంచి వేలాడే రెక్క తలుపు బిగించండి. పాటు సమయంలో డ్రెయిను దిగితే చేను నీళ్లే తలుపు తోసుకుని పోతాయి. పోటుకు నీరు ఎగదన్నితే అదే నీరు తలుపును మూసేస్తుంది. రోజుకు రెండుసార్లు కరెంటు లేకుండా జరిగే పని ఇది. పాటు వేళ రోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కు జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎంత ఎక్కువో పాటు కూడా అంత లోతు. మిగిలిన నీళ్లకే పంపు వేయండి, అదీ పాటు వేళే.

రెండెకరాలకు ఒక్కరే ఇదంతా చేసుకోవడం బరువే. కేరళలో సముద్రమట్టం కంటే దిగువనున్న కుట్టనాడులో ఒక్కో రైతు ఒక్కో పంపు పెట్టడు. చుట్టూ గట్టు ఉన్న చేల బృందానికంతటికీ కలిపి ఒకటి ఉంటుంది. ‘పెట్టి-పర’ అనే చెక్క గొట్టం, చెక్క పెట్టె, లోపల రెక్కలు, అంతే. బ్రిటిషు కాలం నాటి ఏర్పాటు, తక్కువ ఎత్తుకు బోలెడు నీళ్లు తోస్తుంది. మీ బోదె మీద ఉన్న పది పదిహేను మంది కలిస్తే మీకూ కుదురుతుంది. మొగ తవ్వించడం, డ్రెయిను పూడిక తీయించడం మాత్రం రైతు జేబుతో అయ్యేది కాదు, సర్కారు చేయాల్సిందే. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి నాట్లు మానేసినప్పుడు చెప్పుకున్న కష్టాల్లో డ్రెయిన్లదీ ఒకటి. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది కూడా. 2022లో మళ్లీ అదే మాట వినిపించిందంటే పూడిక సంగతి మీరే ఊహించుకోండి.

నీళ్లు దిగేలోగా పైరు తట్టుకోవాలంటే విత్తనం కూడా చూసుకోండి. మన మార్టేరు స్వర్ణకే ముంపును ఓర్చే జన్యువు చేర్చిన స్వర్ణ సబ్-1 పూర్తిగా మునిగినా సుమారు రెండు వారాలు ఓర్చుకుంటుంది.

ప్రశ్న: సముద్రం దగ్గర ఇసుక నేలలో ఎకరం కొబ్బరితోట. ఫిల్టర్ పాయింటుకు 5 హెచ్‌పి మోటారు. ఏప్రిల్ వచ్చేసరికి నీళ్లు ఉప్పెక్కుతున్నాయి. పాయింటు ఇంకో ఇరవై అడుగులు దింపితే తీపి నీళ్లు పడతాయా?
— ఎస్.యానం

జవాబు: దింపితే ఇంకా ఉప్పు నీళ్లు పడతాయి. తీరంలో ఇసుక కింద వాన నీరు ఉప్పు నీటి మీద తేలుతూ ఉంటుంది, మీగడలా. తీపి నీటి మట్టం పైన ఒక అడుగు తగ్గితే కింద ఉప్పు నీరు నలభై అడుగుల దాకా ఎగబాకగలదని సూత్రం. మీ పెద్ద మోటారు ఒక్కచోటే గట్టిగా పీలుస్తోంది, ఆ చోట ఉప్పు నీరు గోపురంలా పైకి లేస్తోంది.

ఎకరానికి 70 చెట్లు అనుకుందాం. వేసవిలో డ్రిప్పుతో చెట్టుకు రోజుకు 40 లీటర్లు ఇచ్చినా మొత్తం 2,800 లీటర్లు. సెకనుకు రెండు లీటర్లు ఇచ్చే చిన్న మోటారు అరగంటలోపే ఆ పని పూర్తి చేస్తుంది. కాబట్టి ఒక హెచ్‌పికి దిగండి. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తోడి తొట్టిలో నింపుకుని, అక్కడినుంచి డ్రిప్పుకు వదలండి. పాయింటు లోతు పెంచడం కాదు, వీలైతే తగ్గించాలి.

ఇంకా మంచిది దొరువు. పాత రోజుల్లో తీర గ్రామాల్లో ఇసుకలో గుంట తీసి పై నీటిని కడవలతో తోడుకునేవారు. బాపట్లలోని లవణ జల పరిశోధన కేంద్రం దాన్నే మెరుగుపరిచింది. నడుమ ఒక చిన్న బావి, దానికి అటూ ఇటూ నీటిమట్టానికి కొంచెం దిగువన అడ్డంగా పరిచిన చిల్లుల గొట్టాలు. నీరు ఒక్క బిందువు నుంచి కాకుండా తోట అడుగంతా పరుచుకుని పలచగా ఊరుతుంది, కింది ఉప్పు కదలదు.

డ్రిప్పు పెట్టే స్తోమత లేకపోతే చెట్టు చుట్టూ ఆరడుగుల పళ్లెం చేసి నాలుగు రోజులకోసారి 200 లీటర్లు పోయండి. పళ్లెంలో కొబ్బరి డొప్పలు పరిచితే ఇసుక నేల ఎండకు మాడకుండా ఉంటుంది. మీ దగ్గర డొప్పలకు కరువేముంది!

ప్రశ్న: మా చేను పక్కన రొయ్యల చెరువు తవ్వారు. గట్టు వెంబడి వరి ఎర్రబారి ఎండిపోతోంది. జిప్సం చల్లమని ఒకరు, లాభం లేదని ఒకరు అంటున్నారు. కౌలు కట్టి చేస్తున్న దాన్ని, దారి చెప్పండి సార్.
— ఒక మహిళా రైతు, చల్లపల్లి

జవాబు: జిప్సం ఇప్పుడే కొనకండమ్మా. అది సోడియం చేరి గట్టిపడిపోయిన చౌడుకు మందు. ఉత్త ఉప్పు చేరిన నేలకు మందు మంచి నీరు. ఏదో తేల్చుకోవడానికి మట్టి పరీక్ష కావాలి. గట్టు మొదట్లో, పది మీటర్ల లోపల, ముప్పై మీటర్ల లోపల, ఇలా మూడు చోట్ల మట్టి తీసి విడివిడి సంచుల్లో రైతు భరోసా కేంద్రం ద్వారా పంపండి. కేంద్రం బోర్డు మీద ఇప్పుడు వేరే పేరున్నా పని అదే. లవణీయత (ఇ.సి.) మీటరుకు 3 డెసీసీమెన్లు దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. గట్టు దగ్గర ఎక్కువ, లోపలికి వెళ్లేకొద్దీ తక్కువ వస్తే అది చెరువు ఊటే. ఆ కాగితం దాచుకోండి, రేపు ఫిర్యాదుకూ పనికొస్తుంది.

చెరువు గట్టుకూ చేనుకూ మధ్య రెండు మూడడుగుల లోతు కందకం తీయాలి. ఊట నీరు చేను చేరకముందే అందులో దిగి డ్రెయినుకు పోవాలి. పోయే దారి లేని కందకం ఉప్పుతొట్టి అవుతుంది, జాగ్రత్త. కాలువ నీరు వదిలాక దమ్ముకు ముందు రెండు మూడుసార్లు నీరు నిలగట్టి బయటికి వదిలేయండి. కందకం తీసే ఖర్చు చెరువు వారిదే కావాలి, మీది కాదు. అనుమతి పత్రం ఉందో లేదో మత్స్యశాఖ వారిని అడగండి. తీరప్రాంత ఆక్వాకు 2005 కేంద్ర చట్టం ఉంది, రాష్ట్రంలో 2020 ఆక్వా అథారిటీ చట్టం ఉంది. భూ యజమానిని వెంట తీసుకెళ్లండి, కౌలుదారు ఒక్కరే వెళ్తే మాట ఆలకించేవారు తక్కువ.

ప్రశ్న: కోతకు టైరు మిషనా, చైను మిషనా?
— భీమనపల్లి

జవాబు: అడుగు వేస్తే మడమ దిగే చేనుకు చైనుదే. అద్దె ఎక్కువని టైరుది పిలిచి, అది దిగబడితే లాగడానికి ట్రాక్టరును పిలిచి, ఆ గాళ్లను దాళ్వా దమ్ములో చదును చేయించుకుంటే మిగిలేదేం లేదు. కోతకు పది రోజుల ముందే నీళ్లు దించేయండి. గింజ తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ, అది ఏ మిషనుతో కోసినా ఒకటే.

ప్రశ్న: నాట్లకు కూలీలు దొరకడం లేదు. డ్రమ్ సీడరుతో సార్వా వేయొచ్చా?
— వాసాలతిప్ప దగ్గర నుంచి ఒక యువ రైతు

జవాబు: సార్వాకు మీ పల్లంలో నేను చెప్పను. గింజ బురద మీద పైపైనే పడుతుంది. మర్నాడు గట్టి వాన పడితే విత్తనమంతా కొట్టుకుపోయి చేనులో ఓ మూల కుప్పపడుతుంది, వరసలు వెతుక్కోవాలి. దాళ్వాకు మాత్రం బేషుగ్గా వాడండి. అప్పుడు నీటి అదుపు మీ చేతిలో ఉంటుంది.

విత్తనాన్ని ఒక రోజు నానబెట్టి, గోనెలో కట్టి ముక్కు పగిలేదాకా మండె కట్టండి. మొలక పొడవు పెరిగితే డ్రమ్ము చిల్లుల్లో ఇరుక్కుంటుంది. డ్రమ్ములు మూడింట రెండు వంతులే నింపండి, పూర్తిగా నింపితే లోపల గింజ దొర్లదు. దమ్ము చేసిన మర్నాడు నీళ్లు తీసేసి, బురద కాస్త పేరుకున్నాక లాగండి. ఎనిమిది వరసలు, ఇరవై సెంటీమీటర్ల దూరం వస్తాయి. చేను సమంగా లేకపోతే ముందు లెవెల్ పలక తోలించండి, గుంటల్లో పడ్డ గింజ కుళ్లిపోతుంది. కలుపు నాటిన చేను కంటే ఎక్కువ వస్తుంది, ఆ ఖర్చు ముందే లెక్క వేసుకోండి. వరసలున్నాయి కాబట్టి కోనోవీడరు తిరుగుతుంది. మొదటిసారి అరెకరంలోనే వేసి చూడండి, మిగతాది మామూలుగా నాటుకోండి.