ప్రాగ్ నగరపు గడియారము

చెక్ దేశమునకు రాజధానియగు ప్రాగ్ నగరమున, పాత పురభవనము యొక్క దక్షిణపు గోడమీద ఒక గడియారము కలదు. గంట కొట్టు వేళకు దాని యెదుట జనము గుమిగూడి, మెడలెత్తి నిలుచుందురు. మొదట ఒక అస్థిపంజరము త్రాడు లాగి చిరుగంటను మ్రోగించును. 'ఇక పోదము రండి' అని పిలుచునట్లు తల యూపును. అద్దములో తన ముఖము చూచుకొను డంబాచారియు, డబ్బుసంచి పట్టుకొన్న లోభియు, ప్రక్కనున్న తురుష్కుడును 'మేము రాము' అన్నట్లు తల లడ్డముగా త్రిప్పుదురు. అంతలో పైనున్న రెండు చిన్న కిటికీలు తెరచుకొనును. క్రీస్తు శిష్యులగు అపొస్తలులు పన్నెండుగురు ఒకరి వెనుక నొకరు వచ్చి, వీధివంక చూచి, మరలిపోవుదురు. బంగారు కోడి కూయును. పిమ్మట గంట కొట్టును. ఒక నిమిషమైన పట్టని ఈ వేడుకకై ఎంత దూరమునుండియో జనులు వత్తురు.

దీనిని 1410వ సంవత్సరమున మికులాష్ అను గడియారముల పనివాడు నిర్మించెను. దానికి వలసిన ఖగోళ గణితమును యాన్ షిండెల్ అను పండితుడు సమకూర్చెనని పరిశోధకుల అభిప్రాయము. చాలకాల మీ కీర్తి హనుష్ అను మరియొకనికి దక్కినది. అట్టి గడియారమును వేరొక పురమున నిర్మింపకుండుటకై నగరపాలకు లతని కన్నులు పొడిపించిరనియు, అతడు యంత్రములో చేయి పెట్టి దానిని నిలిపివేసెననియు కథ యొకటి కలదు. కథ జాలిగొల్పునదే కాని నిజము కాదు. 1410 నాటి పత్ర మొకటి వెలువడిన పిదప అసలు నిర్మాత యెవరో తేటపడినది.

పై పలకమున భూమి నడుమ నిలిచియుండ, సూర్యచంద్రుల ముండ్లు రాశిచక్రమున తిరుగుచుండును. వెలుపలి వలయము మరింత వింతయైనది. మన పెద్దలు సూర్యోదయము మొదలుకొని గడియలు లెక్కించెడివారు గదా! పూర్వపు చెక్ ప్రజలు సూర్యాస్తమయము మొదలుకొని ఇరువదినాలుగు గంటలు లెక్కించిరి. ప్రొద్దు గ్రుంకు వేళ దినదినము మారును గనుక ఆ వలయము కూడ ఏడాది పొడవున ముందునకు వెనుకకు జరుగుచుండును.

ఇట్టి యంత్రమును సైతము పదునెనిమిదవ శతాబ్దియందు, చెడి నిలిచిపోయినదని, పాత ఇనుము క్రింద తీసివేయ దలచిరి. స్ట్రనాడ్ అను ఖగోళ శాస్త్రవేత్త పట్టుబట్టి దానిని కాపాడెను.

1865లో మరల పెద్ద మరమ్మతు సాగినపుడు, క్రిందనుండు పంచాంగ పలకమును క్రొత్తగా చిత్రించు పని జోసెఫ్ మానెస్ అను చిత్రకారునకు అప్పగించిరి. ఆనాడు చెక్ ప్రజలు ఆస్ట్రియా చక్రవర్తుల యేలుబడిలో నుండిరి. మానెస్ పల్లెలు తిరిగి జనుల వేషభాషలను, ముఖ్యముగా వారి దుస్తులను, శ్రద్ధతో పరిశీలించినవాడు. పండ్రెండు నెలలకు పండ్రెండు వృత్తములు గీసి, వానియందు రాజులకు గాని వీరులకు గాని చోటీయక, పల్లెవారినే చిత్రించెను. ఫిబ్రవరిలో ఒకడు నిప్పుకడ పాదములు కాచుకొనుచుండును. మార్చిలో రైతు నాగలి దున్నును. జూలైలో కోతలు, ఆగస్టులో నూర్పిళ్లు, సెప్టెంబరులో విత్తులు చల్లుట, నవంబరులో కట్టెలు కొట్టుట. రాజధాని నడిబొడ్డున, పురభవనము గోడమీద, బురదకాళ్ల రైతునకు సింహాసనము వేసినట్లయినది. అది సాహసమే యనవలెను. 1866లో ముగిసిన ఆ చిత్రము ఎండవానలకు పాడగునని తరువాత నగర ప్రదర్శనశాలకు చేర్చి, దాని ప్రతిని గోడకు తగిలించిరి. ఆ పలకము నేటికిని దినమున కొక అడుగు చొప్పున కదలుచున్నది.

1945 మే నెలలో, యుద్ధము ముగియనున్న దినములలో, ప్రాగ్ ప్రజలు జర్మను సేనలపై తిరుగబడిరి. ఫిరంగి గుండ్లకు పురభవనము తగులబడెను. కొయ్య అపొస్తలులు బూడిదయైరి, యంత్రము వంగిపోయెను. పనివారు దానిని విప్పి, సరిచేసి, 1948లో మరల నడిపించిరి. అపొస్తలులను క్రొత్తగా చెక్కినవాడు సుఖార్డా అను శిల్పి. అతడు 1920లోనే బొమ్మలాటల నాటకశాలను స్థాపించినవాడు. కొయ్యబొమ్మ దూరమునుండి చూచువారికి సజీవముగా కనబడవలెనన్న ఏమి చేయవలెనో యెరిగినవాడు.

అతడు చెక్కిన బొమ్మలలో తోమా విగ్రహము ఒక రహస్యమును దాచుకొనియుండెను. ఇటీవలి మరమ్మతులలో, 2018లో, దానిని పరిశీలింపగా లోపల లోహపు పెట్టెలో ఒక లేఖ దొరకెను. 1948 ఫిబ్రవరిలో ఆ దేశమున కమ్యూనిస్టులు అధికారము చేపట్టిరి. నాటి పరిస్థితులను గూర్చిన తన మనోవేదనను శిల్పి ఆ లేఖలో వ్రాసి, ఎవరికిని చెప్పక విగ్రహములో భద్రపరచెను. బయట చెప్పరాని మాటను గంటగంటకు వేలాది కన్నుల యెదుట తిరుగు బొమ్మలోనే దాచుట ఎంత చమత్కారము! డెబ్బది యేండ్లు తోమా ఆ లేఖను మోయుచు కిటికీ కడకు వచ్చి పోవుచుండెను. శిల్పి 1968లోనే కన్నుమూసెను.

ఆ మరమ్మతులలోనే మానెస్ పలకమునకు మరియొక క్రొత్త ప్రతి వ్రాయించిరి. 2018 సెప్టెంబరులో గడియారము మరల నడువసాగినది. కొన్నేండ్లవరకు ఎవరికిని సందేహము కలుగలేదు. 2022లో పురాతన కట్టడముల సంరక్షణయం దాసక్తి గలవారు మూలచిత్రమును ప్రతితో పోల్చి చూడగా, మనుష్యుల ముఖములు, వయస్సులు, దుస్తులు పెక్కుచోట్ల మారియుండెను. మానెస్ పల్లెవారు వీరు కారని ఫిర్యాదు చేసిరి. కోడి కూతకై తలలెత్తి చూచిన లక్షలాది జనులలో ఎవరును ఆ నాలుగేండ్లును దానిని గుర్తింపలేదు.