దింపు కార్మికుడు పడిపోతే ముందు ఏం చేస్తారు?

మొదటి నర్సు ఉద్యోగానికి అమలాపురంలోనో రాజోలులోనో ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? ఇంగ్లిష్‌లో బట్టీపట్టిన ఆ స్వపరిచయాన్ని కాసేపు పక్కన పెట్టండి. కొబ్బరిచెట్టు మీంచి పడ్డ దింపు కార్మికుణ్ణి ఆటోలో కూర్చోబెట్టి తీసుకొచ్చారు. డాక్టరుగారు పై అంతస్తులో ఉన్నారు. మీరేం చేస్తారు?

"డాక్టరుగారిని పిలుస్తానండి" అంటారు చాలామంది. పిలవాల్సిందే. కానీ ఆయన మెట్లు దిగేలోపు మీ చేతులు ఏం చేస్తుంటాయన్నదే అడిగినవారికి కావాలి. మెడ, వెన్ను కదలకుండా పట్టుకుంటాం. ఊపిరి సరిగా ఆడుతోందో లేదో చూస్తాం. నలుగురం కలిసి ఒంటిని దుంగలా ఒక్కసారే తిప్పి బల్ల మీదికి చేరుస్తాం. కాళ్లు కదుపుతున్నాడా, తాకితే తెలుస్తోందా అని అడుగుతాం. బీపీ, పల్స్ టైముతో సహా రాస్తాం. ఇలా వరస తప్పకుండా చెప్పగలిగితే మీ ఇంగ్లిష్ తడబడినా ఎవరూ పట్టించుకోరు.

వరిచేలు, కొబ్బరితోటలు ఉన్నచోట పాముకాటు గురించి అడక్కపోతేనే ఆశ్చర్యం. గాటు పెట్టకూడదని, గట్టిగా కట్టకూడదని అందరూ చెబుతారు. మీరు 20 నిమిషాల రక్త పరీక్ష గురించి కూడా చెప్పండి. శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో 2 మి.లీ. రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత వంచి చూస్తాం. గడ్డకట్టకపోతే రక్తపింజరి కాటేమోనని అనుమానించాలి. ప్లాస్టిక్ ట్యూబు ఇందుకు పనికిరాదు. ఆ చివరి మాట విన్నాక, మీరు పుస్తకం దాటి వార్డులోకి వెళ్లారని ఎదుటివాళ్లకి అర్థమైపోతుంది.

లెక్క కూడా అడుగుతారు. 500 మి.లీ. సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలి, సెట్టు మి.లీ.కి 20 చుక్కలది. 500ని 20తో గుణిస్తే 10,000 చుక్కలు. దాన్ని 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి సుమారు 42. మనసులో వేసుకోకుండా పైకే వేయండి. జవాబు ఒకటి అటూ ఇటూ అయినా దారి సరైనదని వాళ్లకి కనిపిస్తుంది.

వాడేసిన సూదులు తెల్ల డబ్బాలో, ఐవీ సెట్లు ఎర్ర సంచిలో, రక్తం అంటిన దూది పసుపు సంచిలో. ఇది నిద్రలో లేపి అడిగినా రావాలి. సూది మీకే గుచ్చుకుంటే? పిండకూడదు. సబ్బునీళ్లతో కడిగి, వెంటనే ఇన్‌చార్జికి చెప్పాలి. హెచ్ఐవీ నివారణ మందు అవసరమైతే రెండు గంటల్లో మొదలుపెట్టడం మంచిది, 72 గంటలు దాటకూడదు. భయపడి దాచిపెట్టే కొత్త నర్సు ఆస్పత్రికీ, తనకీ ప్రమాదమే.

చేయని పనిని చేశానని మాత్రం చెప్పకండి. "చూశానండి, సొంతంగా చేయలేదు. సీనియర్ పక్కనుంటే చేస్తాను" అనండి. నా దృష్టిలో ఇంటర్వ్యూలో ఇంతకంటే మంచి జవాబు లేదు.

"రెండేళ్లలో కువైట్ వెళ్లిపోతావా అమ్మాయ్?" అని కూడా అడగొచ్చు. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న సీమలో అది సహజమైన అనుమానమే. ఉన్న ఆలోచనే చెప్పండి. ఎన్నాళ్లు ఉంటారో చెప్పండి. ఇక మాటల్లో మన "ఆయ్" దొర్లితే కంగారుపడి దిద్దుకోకండి. లంక గ్రామాల నుంచి వచ్చే ముసలమ్మకి ధైర్యమిచ్చేది ఆ పలుకే.

నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, మార్కుల జాబితాలు, ఆధార్ రెండేసి జిరాక్సులు పెట్టుకోండి. ఒరిజినల్స్ చూపించండి, వదిలేసి రాకండి. బాండు కాగితం ఇస్తే ఇంటికి తెచ్చుకుని చదివాకే సంతకం పెట్టండి. జీతం, నైట్ డ్యూటీలు, వారపు సెలవు గురించి మీరే అడగండి. మొహమాటం వద్దు.

ముందురోజు రాత్రి పుస్తకం మూసి, అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి బీపీ చూడండి. ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో ఆవిడకి అర్థమయ్యేలా పైకి చెబుతూ చూడండి.