ఆ మడ అడవులకు పారేది మన నీళ్లే



కోరింగ అభయారణ్యానికి వాలంటీర్లుగా పోవాలని నువ్వూ నీ స్నేహితులూ అనుకోవడం మంచి ఆలోచన. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పిల్లలకు సముద్రంతో పనేమిటని అడిగేవాళ్లకు పటం చూపించు. జనగామ వైపు నుంచి వచ్చే ఆకేరు మున్నేరులో కలుస్తుంది. పాకాల దగ్గర మొదలయ్యే ఆ మున్నేరు పోయి కృష్ణలో కలుస్తుంది. కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవుల అభయారణ్యం ఉంది. కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకున్న గోదావరి భూపాలపల్లి జిల్లా అంచున పారి, చివరికి కాకినాడ పక్కనున్న కోరింగ మడ అడవులను తడుపుతుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ అడవి 235 చదరపు కిలోమీటర్లకు పైనే. దాని హద్దులు కాగితం మీద అక్కడ ఆగిపోయినా, దాని బతుకు మాత్రం మన వాగుల దగ్గరే మొదలవుతుంది.

మడ చెట్లు ఉప్పును ఓర్చుకుంటాయి. కానీ అవి ఏపుగా పెరగాలంటే నది నుంచి మంచినీళ్లు, ఒండ్రు అందాలి. ఎగువన ఆనకట్టలు పెరిగేకొద్దీ ఒండ్రు జలాశయాల్లోనే నిలిచిపోతుంది. ఎండాకాలం గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్ట దాటి సముద్రానికి పోయే నీరు చాలా తక్కువ. ఒండ్రు తగ్గితే తీరం కోతకు గురవుతుంది. నీరు తగ్గితే ఉప్పదనం పెరిగి చేపల పిల్లలు, వాటిని తిని బతికే నీటికుక్కలు, బావురు పిల్లులు, వేటకు పోయే మత్స్యకారులు అందరూ నష్టపోతారు. మన పొలాలకు నీళ్లు వద్దని నేను అనను. ప్రాజెక్టుల నీళ్లతో బతుకుతున్న జిల్లాలు ఆ మాట అనలేవు. కానీ నదికి కొంత వాటా ఉండాలని అడగాలంటే చేతిలో ఏళ్ల తరబడి రాసుకున్న లెక్కలుండాలి. వాలంటీరు విలువ అక్కడే.

ఇలా లెక్కలు రాయడం అటవీ శాఖ పని కదా అని కొందరు అంటారు. కాపలా కాయడం, కేసులు పెట్టడం వాళ్ల పనే. కానీ ఒక్కో చెరువునూ తీరాన్నీ ఏటా చూసి రాయడానికి సిబ్బంది చాలరు. 1987 నుంచి ప్రతి జనవరిలో జరుగుతున్న ఆసియా నీటిపక్షుల గణన నిలబడింది ఎక్కువగా వాలంటీర్ల వల్లే. జనం పోతే జంతువులు బెదురుతాయన్న రెండో అభ్యంతరంలో నిజముంది, దాన్ని తేలిగ్గా తీసుకోకు. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కిన ఆలివ్ రిడ్లే తాబేలు మనుషుల అలికిడికి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోవచ్చు. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు ఒడ్డు మీది దీపాలను చూసి సముద్రం వైపు కాకుండా లోపలికి పాకుతాయి. అందుకే ఫోన్ లైటు వేసి ఫొటోలు తీసుకునే గుంపుతో పోవద్దు. అనుమతి తీసుకుని, స్థానిక మత్స్యకారులు చెప్పినట్టు నడుచుకో. ఒక్కసారి పోయి సర్టిఫికెట్ తెచ్చుకోవడం విహారయాత్రే అవుతుంది. అదే తీరానికి ఏటా అదే నెలలో పోయి రాసేవాడి మాటకే బలం ఉంటుంది.

ముందు ఇక్కడే నేర్చుకో. కాకతీయుల నాటి పాకాల చెరువు మనకు దగ్గరే. బైనాక్యులర్, నోటుపుస్తకం తీసుకుని వచ్చే జనవరి గణనలో అక్కడ మీరంతా చేరండి. పక్షిని గుర్తుపట్టడం, తెలియనిదాన్ని తెలియదని రాయడం అలవాటయ్యాక కోరింగకు పోండి. తిరిగొచ్చాక ఇక్కడి మున్నేరు, గోదావరి నీటిమట్టం కూడా రాస్తూ ఉండండి.

ఇట్లు,
నీ పెద్దబాపు