హెచ్.డి. ప్రసారాలు – చిత్రస్పష్టత

టి.వి. తెరపై బొమ్మ చెదిరినప్పుడు మన పెబ్బేరు ఇండ్లలో మొదట జరిగే పని మేడ ఎక్కి డిష్‌ను కదల్చడం. హెచ్.డి. ఛానళ్లకు అదనపు రుసుము చెల్లించేవారు సైతం ఇట్లే చేస్తారు. దోషం ఎక్కడ పుట్టినదో ఎరుగక చేసే ఈ చికిత్స వలన ఒక్కొక్కప్పుడు ఉన్న బొమ్మ కూడా పోతుంది. మెకానిక్కుకు ఇచ్చే రూపాయలు వేరు.

ప్రసార ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. డి.డి. ఫ్రీ డిష్ ప్రసారాలను మోసే జీశాట్-15 ఉపగ్రహాన్ని 2015 నవంబరులో ప్రయోగించారు. అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంపై నిలిచి ఉన్నది. మన ఊరు 78వ డిగ్రీకి చేరువలో ఉన్నది గనుక, ఆ సంకేతం మనకు దాదాపు సరిగా ఆగ్నేయ దిశ నుండి, సుమారు 64 డిగ్రీల ఎత్తు నుండి దిగి వస్తుంది. డిష్ కొద్దిగా పక్కకు తిరిగినా, ఆ దిక్కున వేపకొమ్మ పెరిగినా సంకేతం క్షీణిస్తుంది.

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా వారి ఏ.టి.ఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల పల్లెలకు పాఠాలు ప్రసారమైనవి. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పటి తీగవల డిష్ వ్యాసం పది అడుగులు. 860 మెగాహెర్ట్జ్ వద్ద వచ్చిన ఆ తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. దానికి వాన అడ్డు కాదు. నేటి తరంగాల పొడవు రెండున్నర సెంటీమీటర్లే. డిష్ చిన్నదైనది గాని వానచినుకు శత్రువైనది.

పూర్వపు ప్రసారాలలో సంకేతం తగ్గేకొద్దీ తెరపై చుక్కలు మెల్లమెల్లగా పెరిగేవి. డిజిటల్ విధానంలో అట్లు కాదు. ఒక హద్దు వరకు బొమ్మ నిర్మలంగా ఉంటుంది. హద్దు దాటగానే గళ్లు గళ్లుగా విరిగి, స్తంభించి, ధ్వని తెగిపోతుంది. ఈ లక్షణాలు కనిపిస్తే దోషం మన మేడ మీద, మన కేబుల్‌లో, లేదా మబ్బులో ఉన్నదని గ్రహించాలి.

రెండవ రకం దోషం వేరు. బొమ్మ ఆగదు, ధ్వని తెగదు; కాని క్రికెట్ మైదానంలోని పచ్చిక పేస్టు పూసినట్లు అలుక్కుపోతుంది. సెట్‌టాప్ బాక్స్ సంకేతం పూర్తిగా ఉన్నదనే చూపుతుంది. దీనికి కారణం తెలియాలంటే కొంచెం లెక్క కావాలి. హెచ్.డి. చిత్రంలో అడ్డంగా 1920, నిలువుగా 1080 బిందువులు, అనగా 20,73,600. మామూలు చిత్రంలో 720కి 576, అనగా 4,14,720. సరిగ్గా ఐదింతలు! ఇంత సమాచారాన్ని ఉన్నదున్నట్లు పంపడం సాధ్యం కాదు. సుమారు నూరవ వంతుకు కుదించి పంపుతారు. ఒక ట్రాన్స్‌పాండర్ ఒక కాలువ వంటిది. దాని నుండి ఎన్ని ఛానళ్లకు పిల్లకాలువలు తీస్తే ఒక్కొక్కదానికి అంత తక్కువ నీరు. నీరు చాలనప్పుడు మొదట ఎండేది సన్నని వివరమే. దీనికి డిష్ తిప్పి ప్రయోజనం లేదు.

అసలు, నకలు అనే జంట పదాలు ఉర్దూ మార్గాన తెలుగులోకి వచ్చి మన కచేరీలలో స్థిరపడినవి. పాత సినిమాను మామూలు కొలతలో భద్రపరచి, దానినే సాగదీసి హెచ్.డి. ఛానల్‌లో వేస్తే అది నకలే. నాయకుడు లావుగా కనిపించడం మాత్రం అదనపు లాభం! మరొక పొరపాటు మన ఇండ్లలోనే ఉన్నది. హెచ్.డి. బాక్సును పసుపు, ఎరుపు, తెలుపు తీగలతో టి.వి.కి కలుపుతారు. ఆ పసుపు తీగ హెచ్.డి. చిత్రాన్ని మోయలేదు. అందుకు హెచ్.డి.ఎం.ఐ. తీగ అవసరం. ఈ తీగ లేకనే సంవత్సరాల తరబడి హెచ్.డి. రుసుము కట్టిన ఇల్లు నేనెరుగుదును.

ఇదంతా వినోదానికి సంబంధించిన చర్చ అని కొట్టివేయరాదు. 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో పాఠశాల పాఠాలు డి.డి. యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా ఇండ్లకు వచ్చినవి. అది వానకాలం. ద, ధ, థ అక్షరాల నడుమ భేదం ఒక గీత, ఒక చుక్క మాత్రమే. అలుకుడు పడిన తెరపై మొదట పోయేవి అవే. బోర్డుపై ‘కథ’ అని వ్రాస్తే ‘కద’ అని ఎక్కించుకున్న బాలుని తప్పు పట్టగలమా?

కావున గళ్లు పడితే తొందరపడవద్దు. వాన వెలిసిన పిమ్మట పది నిమిషాలు వేచి చూడండి. కేబుల్ బిగింపులు, కొమ్మలు పరిశీలించండి. అప్పటికీ మారకపోతే మేడ ఎక్కి, ఆగ్నేయం వైపు నిలబడి, డిష్ ఉన్న చోటును ముందు సుద్దముక్కతో గుర్తుపెట్టుకొని, తరువాత కదల్చండి.