పిన్ను పట్టెను గాని చార్జరు చాలలేదు



ఈ నెల పాఠమునకు మేము తీసికొనిన విషయము కొందరికి వింతగా తోచవచ్చును. లాప్‌టాప్ చార్జరును గూర్చి సంఘ పత్రికలో ఏల వ్రాయవలెనని అడుగువారు ఉందురు. అయితే మన పల్లెలలో ఇంజనీరింగు చదువుచున్న పిల్లలుగల యిండ్లెన్నియో ఒకసారి లెక్కించి చూడుడి. మిరప పంట అమ్మియో, బంగారము కుదువపెట్టియో కొనిన యంత్రము ఆ యిండ్లలో నున్నది. దాని సంగతి తెలియక ఒక యింట తండ్రికిని కుమారునికిని మాటలు లేకుండ పోయినవి. ఆ సంగతి మేము కన్నులార చూచితిమి గనుక వ్రాయుచున్నాము.

మా గ్రామములో ఒక రైతు బి.టెక్. చదువుచున్న తన కుమారునికి గేమింగ్ లాప్‌టాప్ అని అంగళ్లలో పిలువబడు యంత్రమును కొనియిచ్చెను. ఆ పేరు వినినప్పటినుండియు ఆయనకు అనుమానమే. నిజమునకు ఆ పిల్లవాడు కట్టడముల త్రీడీ బొమ్మలు గీయు పని నేర్చుకొనుచుండెను. అట్టి పనికిని పెద్ద ఆటలకును ఒకే విధమైన బలముగల యంత్రము కావలెను. అతడు ఆటలు ఆడలేదని మేము చెప్పము, ఆడెను. రెండవ సంవత్సరమున ఒక రాత్రి ఎలుక చార్జరు తీగను కొరికివేసెను. తండ్రి పాత చార్జరును సంచిలో వేసికొని పట్టణమునకు పోయి, పిన్ను సరిచూచుకొని, 900 రూపాయలకు మరియొక చార్జరు తెచ్చెను. కంపెనీవారి చార్జరు వెల దానికి అయిదారు రెట్లు చెప్పిరట. తెచ్చిన చార్జరు పిన్ను చక్కగా దూరినది, దీపము వెలిగినది, అందరును సంతోషించిరి.

మూడు నెలలు గడచునప్పటికి ఆ సంతోషము లేదు. బొమ్మ తెరచి కొంతసేపు పని చేయగానే తెర నత్తనడక నడచుచుండెను. తీగ తగిలించియుండగానే బ్యాటరీ తరుగుచుండెను. తెరచునప్పుడెల్ల నల్లని తెరమీద ఏదో ఇంగ్లీషు వ్రాత వచ్చుచుండెను, పిల్లవాడు చదువకయే మీట నొక్కి దాటిపోవుచుండెను. "ఆటలాడి ఆటలాడి దాన్ని చెడగొట్టావు" అని తండ్రి అనెను. కొనిన ధరలో మూడవ వంతుకు ఇచ్చివేయుటకు ఒక బేరము కూడ కుదుర్చుకొనెను. ఆ సాయంకాలము పిల్లవాడు మా యింటికి వచ్చి, "అయ్యగారూ, నాన్న శనివారం అమ్మేస్తానంటున్నాడు. నేను ఏమీ చేయలేదు. మీరు ఒక మాట చెప్పండి" అని కన్నీరు పెట్టుకొనెను.

మేము చెప్పిన మొదటి మాట ఇది: "నాయనా, రెండు చార్జర్లును తీసికొని రా." ఎలుక కొరికిన దానిని వారు పారవేయలేదు, అది మంచిదాయెను.

చార్జరు పెట్టెమీద చిన్న అక్షరములతో ఒక చీటీ అంటించియుండును. దానిలో ఇన్‌పుట్ అనునది గోడనుండి తీసికొనునది, అవుట్‌పుట్ అనునది యంత్రమునకు ఇచ్చునది. మనకు కావలసినది అవుట్‌పుట్ వరుస. పాత చార్జరుమీద 19.5 వోల్టులు, 12.3 ఆంపియర్లు అని యున్నది. క్రొత్తదానిమీద 19.5 వోల్టులు, 4.62 ఆంపియర్లు అని యున్నది. వోల్టులను ఆంపియర్లచేత గుణించిన వాట్లు వచ్చును. మొదటిది 240 వాట్లు, రెండవది 90 వాట్లు. రెండెడ్లు లాగవలసిన బండికి ఒక దూడను కట్టినట్లాయెను. కాడి మాత్రము రెంటికిని ఒక్కటే.

ఇక్కడనే మనవారు పొరబడుదురు. ఒక కంపెనీవారు తమ చిన్న లాప్‌టాప్‌కును పెద్ద లాప్‌టాప్‌కును ఒకే కొలత పిన్ను పెట్టుట సాధారణము. పిన్ను దూరినంత మాత్రమున శక్తి సరిపడినట్లు కాదు. అంగడివానిని మేము నిందింపము. అతనిని పిన్ను సరిపడు చార్జరు అడిగిరి, అతడు దానినే ఇచ్చెను.

వోల్టులకును ఆంపియర్లకును భేదమును చెరువు తూము చూచి తెలిసికొనవచ్చును. చెరువులో నీటిమట్టము ఎంత ఎత్తున నున్నదో అది వోల్టు. తూముగుండా ఎంత నీరు పారుచున్నదో అది ఆంపియరు. మట్టము యంత్రము కోరినంతయే యుండవలెను, ఎక్కువైనను ప్రమాదము, తక్కువైనను పని జరుగదు. పారుదల సంగతి వేరు. చార్జరుమీద వ్రాసిన ఆంపియర్లు అది బలవంతముగా నెట్టునవి కావు, అడిగినయెడల ఇయ్యగలిగిన గరిష్ఠము మాత్రమే. కాబట్టి 240 వాట్ల యంత్రమునకు, వోల్టులును పిన్నును సరిపడినయెడల, అదే కంపెనీవారి 330 వాట్ల చార్జరు పెట్టిన కాలిపోవునను భయము అక్కరలేదు. ఎక్కువ ఆంపియర్లు పెట్టిన మదర్‌బోర్డు పోవునని కొందరు మెకానిక్కులే చెప్పుట మేము వినియున్నాము. ఆ మాట సరికాదు. భయపడవలసినది తక్కువదానిని గూర్చియే.

ఇట్టి యంత్రమునకు అంత ఆకలి ఏల? ఉత్తరము టైపు చేయునప్పుడు ఏ లాప్‌టాప్‌కైనను 20, 30 వాట్లు చాలును. అందుచేతనే చిన్న చార్జరు పెట్టినను మొదట ఏ లోపమును కనబడదు. గేమింగ్ యంత్రములో బొమ్మల పనికి ప్రత్యేకముగా గ్రాఫిక్సు చిప్పు ఒకటి యున్నది. ఎన్‌విడియా కంపెనీవారి ఆర్.టి.ఎక్స్. 3060 అను లాప్‌టాప్ చిప్పు ఒక్కటియే యంత్రమునుబట్టి 60 మొదలు 115 వాట్ల వరకు తీసికొనును. ప్రాసెసరు మరియొకటి. ఇంటెల్ కంపెనీవారి 12700హెచ్ అను ప్రాసెసరు నిలకడగా 45 వాట్లు, ఉరుకునప్పుడు 115 వాట్ల వరకు కోరును. తెరయు, పంకాలును, బ్యాటరీకి ఎక్కవలసిన చార్జింగును వీటికి అదనము. కంపెనీవారు 180, 230, 240, 330 వాట్ల బరువైన చార్జర్లు ఇచ్చుట ఆడంబరమునకు కాదు.

ఇప్పుడు ఆ పిల్లవాని లెక్క చూడుడి. బొమ్మ గీయునప్పుడు యంత్రము 150 వాట్లు కోరినదనుకొందము. చార్జరు ఇచ్చునది 90. తక్కిన 60 వాట్లు బ్యాటరీనుండి పోవలెను. బ్యాటరీలో 56 వాట్‌గంటలు నిలువయుండిన 56 నిమిషములలో అది వట్టిపోవును. కరెంటు బిల్లులోని ఒక యూనిట్టు 1000 వాట్‌గంటలని తలంచుకొనిన ఆ బ్యాటరీ నిలువ ఎంత స్వల్పమో తెలియును. అట్లు ప్రతిదినము తోడి నింపుటవలన బ్యాటరీ ఆయుస్సు కూడ త్వరగా తరుగును.

అయితే యంత్రము చేయించినవారు దీనిని ముందుగానే ఊహించిరి. డెల్, హెచ్.పి. వారి గుండ్రని పిన్నుల నడుమ సన్నని సూది యొకటి యుండును. అది కరెంటు తెచ్చునది కాదు. చార్జరు ఎన్ని వాట్లదో యంత్రమునకు తెలియజేయునది. ఆ గుర్తును చదివి యంత్రము తన వేగమును తగ్గించుకొనును, బ్యాటరీ నింపుట మానును లేక మందగించును. పిల్లవాడు మూడు నెలలు చదువకుండ దాటివేసిన ఇంగ్లీషు వ్రాత అదియే. చార్జరు శక్తి తక్కువయనియు, బ్యాటరీ ఎక్కకపోవచ్చుననియు, వేగము తగ్గింపబడుననియు యంత్రమే చెప్పుచుండెను. నత్తనడక రోగము కాదు, తన్నుతాను కాపాడుకొనుట. ఆ సూది వంగినను విరిగినను సరియైన చార్జరు పెట్టినప్పుడు కూడ ఇవే లక్షణములు కనబడును గనుక, చార్జరు మార్చుటకు ముందు పిన్నులోనికి టార్చి వేసి చూచుట మంచిది.

ఇంతకంటె చెడ్డది మరియొకటి కలదు. గుర్తు చెప్పని చార్జరు పెట్టినప్పుడు తగ్గింపవలెనని తెలియని యంత్రము తనకు కావలసినంత లాగబోవును. మంచి చార్జరైన భారము మించగానే తననుతాను ఆపుకొనును. అప్పుడు తెర మసకబారి బ్యాటరీకి మారును, మరల చార్జరు వచ్చును, మరల పోవును. లోపల రక్షణలేని నకిలీ చార్జరైన వేడెక్కి తొడుగు మెత్తబడును, కాలిన వాసన వచ్చును. చార్జరు వెచ్చబడుట సహజమే. చేయి పెట్టి నిలుపలేనంత వేడి సహజము కాదు. పరుపుమీదను, ధాన్యపు బస్తాలమీదను చార్జరును ఉంచుట ఏ చార్జరుకైనను తగదు.

చీటీమీద 240 అని అచ్చువేసినంత మాత్రమున లోపల 240 ఉన్నదని నమ్ముటకు వీలులేదు. మన దేశములో 2012 నాటి ఉత్తర్వు మొదలుకొని ఇట్టి అడాప్టర్లకు భారత ప్రమాణముల సంస్థయొద్ద నమోదు తప్పనిసరి. చీటీమీద ఆర్ అను అక్షరమును దాని తరువాత 8 అంకెలును ఉండవలెను. ఆ సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ అను యాప్‌లో వేసి సరిచూడవచ్చును. ఫోను గల పిల్లవానికి అది రెండు నిమిషముల పని. పూర్వము బరువు చూచి కూడ గుర్తుపట్టెడివారము. ఇప్పుడు గాలియం నైట్రైడు అను పదార్థముతో చేసిన చార్జర్లు చిన్నవై తేలికయగుచున్నవి గనుక బరువొక్కటియే సాక్ష్యము కాదు.

టైపు-సి తీగను గూర్చి ఒక మాట. ఫోను చార్జరు తీగ లాప్‌టాప్‌లో దూరుచున్నది గదా యని కొందరు దానినే పెట్టుదురు. 2012లో వచ్చిన యు.ఎస్.బి. పవర్ డెలివరీ పద్ధతి 100 వాట్ల వరకే. 2021లో దానిని 48 వోల్టులు, 5 ఆంపియర్లు, అనగా 240 వాట్ల వరకు పెంచిరి. అయితే చార్జరు, తీగ, యంత్రము మూడును ఆ క్రొత్త పద్ధతివైననే అది పనికివచ్చును. సాధారణ టైపు-సి తీగ 60 వాట్లకు మించి మోయదు. కొన్ని గేమింగ్ లాప్‌టాప్‌లలో ఆ రంధ్రము చార్జింగునకు పనికిరాదు, మరికొన్నింటిలో చిల్లర పనులకు మాత్రము చాలును. యంత్రముతో వచ్చిన పుస్తకము చూచి తెలిసికొనవలెను.

మన ఊళ్లలో వోల్టేజి తక్కువ గనుక చార్జరు చాలకున్నదేమో యని తండ్రి మమ్మును అడిగెను. మంచి ప్రశ్నయే. చీటీమీద ఇన్‌పుట్ 100 నుండి 240 వోల్టులని యున్నది. సాయంకాలము 170కి దిగినను చార్జరుకు లోపము లేదు. కాని పెద్ద చార్జరు మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు లేనియెడల లాప్‌టాప్ లోహపు భాగము ముట్టిన చేయి జివ్వుమనును. ఆ జివ్వుమనుటను చార్జరు దోషమని ఎంచక ఇంటి ఎర్తు చూపించుకొనవలెను.

శుక్రవారము తండ్రిని పిలిచి మా అరుగుమీద సుద్దముక్క చేతికిచ్చి రెండు చీటీల లెక్కను ఆయన చేతనే గుణింపజేసితిమి. పత్తి తూకములలో ఆయనను మోసగించినవాడు లేడు. 240 క్రింద 90 వ్రాసి చాలసేపు చూచెను. "పిన్ను చూశానయ్యగారూ, అంకెలు చూడలేదు" అనెను. కుమారునివైపు తిరిగి, "ఆ ఇంగ్లీషు నువ్వైనా చదవొద్దట్రా?" అనెను. మూడు నెలల తరువాత వారిద్దరు ఆడుకొనిన మొదటి మాట అదియే. శనివారపు బేరము మానుకొనిరి.

సరియైన చార్జరునకు డబ్బు సమకూడుటకు ఇరువది దినములు పట్టెను. ఆ దినములకు మేము చెప్పినది ఇది. రాత్రి యంత్రమును పూర్తిగా ఆపి 90 వాట్ల చార్జరుతో బ్యాటరీ నింపుకొనవలెను. పగలు బ్యాటరీ సేవర్ పెట్టి వ్రాతపని మాత్రము చేసికొనవలెను. బొమ్మల పని తప్పనిసరియైన తెర వెలుతురును గ్రాఫిక్సు నాణ్యతను తగ్గించుకొని, అరగంటకొకసారి బ్యాటరీ అంకె చూచుకొనవలెను. ఆటలు పూర్తిగా మానవలెను. ఈ చివరి మాట తండ్రికి మిక్కిలి నచ్చినది.

క్రొత్త చార్జరు వచ్చిన దినమున పిల్లవాడు దాని తీగను ప్లాస్టిక్ గొట్టములో దూర్చి ఎలుకలకు అందకుండ మేకులు కొట్టెను. 90 వాట్ల చార్జరు వృథా కాలేదు. మా యొద్దనున్న పాత లాప్‌టాప్ అదే కంపెనీది, దానికి 19.5 వోల్టులు, 65 వాట్లు చాలును, పిన్నును అదే. సగము వెలకు మేమే కొనుక్కొంటిమి. ఈ పాఠమును దానితోనే వ్రాయుచున్నాము.