నాన్న చెయ్యి వణుకు వయసు వల్లేనా?

ప్రశ్న: మా నాన్నకు 63 ఏళ్లు, మామిడి రైతు. ఏడాదిగా ఊరికే కూర్చున్నప్పుడు కుడిచెయ్యి వణుకుతోంది. నడక నెమ్మదించింది. దూలగొండి గింజల పొడి వాడమంటున్నారు. వాడొచ్చా?
– ఓ పాఠకుడు, తిరువూరు

జవాబు: ఊరికే ఉన్నప్పుడు వచ్చే వణుకును వయసు మీదికి నెట్టేయకండి. ఇది పార్కిన్సన్స్ జబ్బు కావచ్చు. మధ్యమెదడులో నల్లగా కనిపించే చిన్న భాగం ఉంటుంది. అక్కడి కణాలు డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. ఈ జబ్బులో అవి క్రమంగా నశించి కదలికలు మందగిస్తాయి.

దూలగొండిలో, డోపమిన్‌గా మారే లెవోడోపా అనే పదార్థం నిజంగానే ఉంది. ఈ జబ్బుకు ఇచ్చే మాత్రల్లోనూ అదే ఉంటుంది. కానీ చెంచాడు పొడిలో అది ఎంత ఉందో తెలియదు కదా! సొంతంగా వాడొద్దు.

ముందు నాన్నగారి పాత మందుల చీటీలన్నీ తీయండి. వాంతులకు, మానసిక సమస్యలకు ఇచ్చే కొన్ని మందులూ ఇలాంటి వణుకు తెస్తాయి. డాక్టరు లెవోడోపా రాస్తే భోజనానికి అరగంట ముందు వేయించండి. పప్పు, గుడ్డు, మాంసంతో పాటు వేసుకుంటే సరిగా ఒంటపట్టదు. వికారంగా ఉన్నా హఠాత్తుగా ఆపొద్దు, డాక్టరుకు చెప్పండి. తోట పని పూర్తిగా మాన్పించకండి. రోజూ నడవాలి.

ఈ నెలలోనే విజయవాడలో న్యూరాలజిస్టుకు చూపించండి. తరచూ వెనక్కి పడిపోతున్నా, కళ్లు కిందికి తిప్పలేకపోతున్నా, మింగుతుంటే పొలమారుతున్నా వెంటనే వెళ్లండి. మధ్యమెదడు కుంచించుకుపోయే మరో జబ్బు అయ్యుండొచ్చు.