చిత్రకళయందు వ్యాఖ్యానధర్మము: అడివి బాపిరాజు, బాపు

కావ్యమునో కథనో ఆశ్రయించి గీయబడిన చిత్రము స్వతంత్రకళ యగునా, మూలమునకు అనుబంధము మాత్రమేయా అనునది విచారణీయమైన విషయము. 1925లో ఏలూరు కేంద్రముగా ఏర్పడి, 2022లో విభక్తమైన పశ్చిమ గోదావరి మండలము ఈ విచారణకు తగిన ఇద్దరు చిత్రకారులను తెలుగువారికి ఇచ్చినది. ఇరువురును కొల్లేటికిని సముద్రమునకును నడుమనున్న సీమవారే. 1895లో భీమవరమున జన్మించిన అడివి బాపిరాజుగారు ఒకరు. 1933లో నరసాపురమున జన్మించి బాపు అను పేర ప్రసిద్ధులైన సత్తిరాజు లక్ష్మీనారాయణగారు మరియొకరు. మొదటివారిని నవలాకారులుగా చదివి వారి చిత్రరచనను ఉపవ్యాసంగముగా ఎంచుటయు, రెండవవారిని కథలకు బొమ్మలు వేసినవారని మాత్రమే తలచుటయు పరిపాటియైనది. ఈ రెండు అభిప్రాయములకును మూలమొక్కటే.

పూర్వపక్షము ఇట్లుండును: కథ చెప్పినదానినే చిత్రము మరల చూపుచున్నది, కావున అది పునరుక్తి, చిత్రకారుని సృష్టి అందు స్వల్పము.

దీనికి సమాధానము. మూలాశ్రయమే న్యూనతకు హేతువగునేని వ్యాఖ్యాతలెల్లరును న్యూనులు కావలసివచ్చును. కోలాచల మల్లినాథసూరి అమూలమైనదానిని వ్రాయననియు, అనపేక్షితమును చెప్పననియు నియమము చేసికొనెను. ఆ నియమము ఆయన ప్రతిభను సంకోచింపజేయలేదు. కాళిదాసుని చదువువారికి నేటికిని ఆయనయే దారి చూపుచున్నాడు. భవభూతి ఉత్తరరామచరిత ప్రథమాంకమునందలి చిత్రదర్శనము మరియొక నిదర్శనము. ఆ పటములలోనిది సీతారాములు స్వయముగా అనుభవించిన కథయే. ఐనను శూర్పణఖను చూచి సీత బెదరును. అది చిత్రమేయని రాముడు గుర్తు చేయవలసివచ్చును. ఎరిగిన కథను చూపుట పునరుక్తియే యైనచో ఈ భయమునకు కారణము లేదు.

కామసూత్రములకు జయమంగళ రచించిన యశోధరుడు రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము అని చిత్రమునకు ఆరు అంగములు చెప్పెను. వీనిలో సాదృశ్యమును బాహ్యమైన పోలికగా మాత్రమే గ్రహించుటవలన చిక్కు కలుగుచున్నది. ఏలూరునకు ఉత్తరమున కామవరపుకోట సమీపమునగల గుంటుపల్లి గుహాచైత్యము ఈ సందేహమును తీర్చును. వర్తులాకారమైన ఆ చైత్యగృహపు కప్పునందు శిల్పులు కొయ్యవాసములను రాతిలో మలచిరి. కొండను తొలిచిన కప్పునకు వాసముల ఆధారము అక్కరలేదు. కట్టడమునకు పనికిరాని ఆ వాసములు కొయ్యతో కట్టిన పూర్వపు ఆరాధనాగృహమును చూపరికి స్ఫురింపజేయును. స్మృతిని మేల్కొల్పుటయే ఇచట సాదృశ్యపు పని.

బాపిరాజుగారి తిక్కన చిత్రమును ఈ దృష్టితో చూడవలెను. పదుమూడవ శతాబ్దికి చెందిన కవి ముఖమును ఇరువదవ శతాబ్ది చిత్రకారుడు చూచియుండుట అసంభవము. అట్టి రూపకల్పనకు ఆధారము ఆ కవి వాక్కే కావలెను. శబ్దబ్రహ్మ అను చిత్రమున సమస్య మరింత కఠినము. రూపమే లేని తత్త్వమునకు రూపము కల్పింపవలెను. రాజమహేంద్రవరమున ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహము, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయుని శిక్షణ వారిని భారతీయ చిత్రసంప్రదాయమునకు చేర్చినవి. 1951లో సింహళమునందలి సిగిరియ కుడ్యచిత్రములకు వారు ప్రతికృతులు వ్రాసిరి. వారి హిమబిందు నవలలో సువర్ణశ్రీ శిల్పి. నృత్తము తెలియక చిత్రము తెలియదనియు, వాద్యము తెలియక నృత్తము, గీతము తెలియక వాద్యము తెలియవనియు విష్ణుధర్మోత్తరమున మార్కండేయుడు వజ్రునకు బోధించెను. కవియు, గాయకుడును, చిత్రకారుడును అయిన బాపిరాజుగారి విషయమున వీనిని విడదీసి, ఒకటి ప్రధానము, తక్కినవి ఉపవ్యాసంగములు అనుట శాస్త్రసమ్మతము కాదు.

బాపుగారి మార్గము వేరు. ఆచార్యులు రేఖను, విచక్షణులు వర్తనను, స్త్రీలు భూషణమును, ఇతరులు వర్ణసమృద్ధిని మెచ్చుదురని చిత్రసూత్రము చెప్పుచున్నది. పత్రికల పుటలపై, తరచుగా నల్లని గీతయే సాధనముగా పనిచేసిన బాపుగారు ఆచార్యులు మెచ్చు రేఖనే నమ్ముకొనిరి. ముళ్లపూడి వెంకటరమణగారి బుడుగు పేరు వినగానే మనస్సున మెదలునది రచయిత మాటయా, చిత్రకారుని గీతయా అని విడదీయుట దుష్కరము. 2014లో వారు దివంగతులైన పిదపను వారి చేతివ్రాతను అనుసరించిన అక్షరములు తెలుగు ముద్రణలో నిలిచియున్నవి.

ఇంతమాత్రమున కథలకు వేసిన ప్రతి బొమ్మయు వ్యాఖ్యానము కాజాలదు. మల్లినాథుని నియమద్వయమే ఇచటను పరీక్ష. మూలమునకు విరుద్ధమైనది చిత్రమున ఉండరాదు, అపేక్షితమైనది ఉండవలెను. చిత్రమును తొలగించినచో పాఠకునికి అర్థలోపము కలుగునేని అది వ్యాఖ్యానము. కలుగనిచో అలంకరణ మాత్రము.

ఈ పరీక్షకు గ్రంథముతోపాటు చిత్రమును కన్నులయెదుట ఉండవలెను. ప్రాచ్యకళాశాలలో షడంగములను కంఠస్థము చేయించుటతో పాఠము ముగిసినచో సాదృశ్యమను పదము మిగులును, పదార్థము మిగులదు. బాపిరాజు చిత్రముల ప్రతులను, బాపు గీతలను విద్యార్థుల ముందుంచి షడంగములను అన్వయింపవలెను. ఏలూరు, తాడేపల్లిగూడెములవారికి గుంటుపల్లి ఒక దినములో చూచిరాదగినంత సమీపము. ఆ కప్పు క్రింద నిలిచి యశోధరుని చదివిన విద్యార్థికి సాదృశ్యమునకు వేరు ఉదాహరణము చెప్పనక్కరలేదు.